షుగర్, ఫ్యాటీ లివర్ రెండూ ఉన్న ఆడవాళ్ళు బరువులెత్తడం ఎలా మొదలుపెట్టాలి

“రోజూ నడుస్తున్నాను, మందులు వేళకే వేసుకుంటున్నాను, అయినా షుగర్ దిగట్లేదు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని కూడా వచ్చింది. బరువులతో వ్యాయామం చెయ్యమన్నారు గానీ ఎలాగో ఎవరూ చెప్పలేదు.” ఈ ప్రశ్న మళ్ళీమళ్ళీ వస్తూనే ఉంది. దాని వెనకాలే మూడు భయాలు కూడా వస్తాయి: లివర్‌కి ఏమన్నా అవుతుందేమో, మధ్యలో షుగర్ పడిపోతుందేమో, చేతులు మగవాళ్ళలా లావైపోతాయేమో. మూడోదాని సంగతి ఇక్కడే తేల్చేద్దాం. అలా అవ్వవు. కండలు అంతగా పెరగడానికి కావలసిన టెస్టోస్టెరాన్ ఆడవాళ్ళలో చాలా తక్కువ. మొదటి రెండు భయాల్లో మాత్రం నిజం ఉంది. వాటికి జాగ్రత్తలు కూడా ఉన్నాయి. అందుకే ఎక్కువ చోటు వాటికే ఇచ్చాను.

అసలు ఇదంతా ఎందుకో రెండు ముక్కల్లో చెబుతాను. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుంది. వ్యాయామం ఆపాక కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. కండ తక్కువై, ఉన్నది కూడా పని లేకుండా ఉంటే, మిగిలిపోయిన చక్కెరలో కొంత లివర్‌లో కొవ్వుగా మారుతుంది. ఒంటి బరువు తగ్గకపోయినా బరువుల వ్యాయామంతో లివర్‌లో కొవ్వు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. ఇక నెలసరి ఆగే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గి కండా ఎముకా రెండూ పలచబడతాయి, కొవ్వు పొట్టలోకి చేరుతుంది. నడక గుండెకు మంచిదే, దాన్ని మానొద్దు. కానీ పోతున్న కండను నడక ఒక్కటే నిలబెట్టలేదు.

మొదలుపెట్టే ముందు డాక్టరు దగ్గర తేల్చుకోవాల్సినవి

“వ్యాయామం చెయ్యొచ్చా?” అని అడిగితే “చెయ్యండి” అనే జవాబే వస్తుంది. విడివిడిగా అడగండి.

కళ్ళు: గత ఏడాదిలో రెటీనా పరీక్ష చేయించుకున్నారా? కంట్లో కొత్త రక్తనాళాలు పెరిగే దశలో ఉంటే, అంటే ప్రొలిఫరేటివ్ రెటినోపతీ ఉంటే, ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం, తల కిందికి వేలాడేలా వంగడం, ఎగిరి దూకడం ప్రమాదం. కంట్లో రక్తస్రావం కావచ్చు. కంటి డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టండి.

లివర్: స్కాన్ రిపోర్టులో రాసే గ్రేడ్ 1, గ్రేడ్ 2 అనేవి కొవ్వు ఎంతుందో చెబుతాయి. లివర్‌లో మచ్చ కట్టిందా లేదా అన్నది చెప్పవు. మనకు కావలసింది ఆ రెండోది. వయసు, రక్తంలో చూసే ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్య, ఈ నాలుగింటితో ఫిబ్-4 అనే లెక్క కడతారు. అది 1.3 కన్నా తక్కువుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ. 65 దాటినవాళ్ళకు ఈ హద్దును 2.0గా తీసుకుంటారు. ఎక్కువ వస్తే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్ష చేయించమంటారు. సిర్రోసిస్ (మచ్చలు ముదిరి లివర్ గట్టిపడటం) ఉందని తేలితే, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలు ఉన్నాయేమో ముందు చూడాలి. ముక్కుతూ బరువులెత్తితే వాటి మీద ఒత్తిడి పెరుగుతుంది. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకు కూడా తేలికపాటి బరువుల వ్యాయామం మేలు చేస్తుంది. కాకపోతే ఎంత, ఎలా అన్నది లివర్ డాక్టరుతోనే నిర్ణయించుకోవాలి.

గుండె, బీపీ: మెట్లెక్కితే ఛాతీ పట్టేసినట్టు ఉండటం, మామూలు పనికే విపరీతంగా ఆయాసం రావడం ఉంటే ఈ వ్యాసాన్ని పక్కన పెట్టి ముందు గుండె చూపించుకోండి. ఆడవాళ్ళలో గుండె జబ్బు ఛాతీ నొప్పి లేకుండా, కేవలం నీరసంగా, వికారంగా, దవడ నొప్పిగా కూడా కనబడొచ్చు. బీపీ 180/110 దాటిన రోజు బరువులు ముట్టుకోవద్దు.

పాదాలు: తిమ్మిర్లు, మొద్దుబారడం ఉన్నాయా? పాదం మీద మానని పుండు ఉంటే, అది మానేదాకా కూర్చుని చేసేవే చెయ్యండి. మెట్‌ఫార్మిన్ చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు బీ12 పరీక్ష కూడా అడగండి. అది తగ్గినా తిమ్మిర్లు, నీరసం వస్తాయి.

గర్భంతో ఉన్నా, ఈమధ్యే కాన్పో ఆపరేషనో అయినా ఈ పద్ధతి మీ కోసం రాసింది కాదు. మీ డాక్టరు, ఫిజియోథెరపిస్టు కలిసి చెప్పింది చెయ్యండి.

కావలసినవి

- కదలని, చేతులు లేని గట్టి కుర్చీ. గోడకు ఆనించి పెట్టాలి.
- రెండు జతల డంబెల్స్: ఒకటి తేలికది, ఒకటి కాస్త బరువైంది. లేకపోతే నీళ్ళు నింపిన లీటరు సీసాలు. ఒక్కోటి సుమారు కిలో ఉంటుంది. పుస్తకాలు నింపిన బ్యాగు కూడా పనికొస్తుంది.
- ఒక రెసిస్టెన్స్ బ్యాండ్, అంటే సాగే రబ్బరు పట్టీ.
- వేళ్ళకు ఇరుకు కాని, మడమ జారని బూట్లు, మేజోళ్ళు. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఇంట్లో చేసినా సరే, వట్టి కాళ్ళతో చెయ్యకూడదు.
- గ్లూకోమీటరు, గ్లూకోజ్ బిళ్ళలు లేదా గ్లూకోజ్ పొడి, మంచినీళ్ళు. ఇవి చేతికందేంత దూరంలో ఉండాలి.
- ఒక నోటుబుక్కు. దీన్ని చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే డంబెల్స్ కన్నా ముందు కొనాల్సింది ఇదే.

1. మీ మందుల జాబితా చదువుకోండి

వ్యాయామంతో షుగర్ పడిపోయే ప్రమాదం అందరికీ ఒకేలా ఉండదు. ఇన్సులిన్, లేదా గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్ళకు ఆ ప్రమాదం ఎక్కువ. చాలా మాత్రల్లో రెండు మూడు మందులు కలిపి ఉంటాయి కాబట్టి అట్ట మీద పూర్తి పేర్లు చదవండి. మెట్‌ఫార్మిన్, సిటాగ్లిప్టిన్ లాంటివి మాత్రమే వాడేవాళ్ళకు షుగర్ పడిపోవడం అరుదు.

ఇంకొన్ని మందుల సంగతి విడిగా చెప్పాలి:

- డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలోంచి చక్కెరను పంపేస్తాయి, దాంతోపాటు నీరూ పోతుంది. నీళ్ళు సరిపడా తాగండి. పస్తులుండి కష్టపడి వ్యాయామం చెయ్యకండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే షుగర్ అంకె బాగానే ఉన్నా ఆసుపత్రికి వెళ్ళండి. కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగి ఉండొచ్చు.
- బీపీకి, గుండెకు వాడే బీటా బ్లాకర్లు గుండెదడను అణిచేస్తాయి. లో షుగర్ వచ్చినా దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని గమనించండి.
- అకార్బోజ్, వోగ్లిబోజ్ వాడేవాళ్ళకు లో షుగర్ వస్తే చక్కెర పనికిరాదు. ఆ మందు దాన్ని త్వరగా అరగనివ్వదు. గ్లూకోజే తీసుకోవాలి.
- ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు కాళ్ళ వ్యాయామానికి ముందు తొడలో పొడుచుకోవద్దు. కదలిక వల్ల మందు అనుకున్నదానికన్నా త్వరగా రక్తంలో కలుస్తుంది.

మోతాదు తగ్గించడం, పెంచడం సొంతంగా చెయ్యొద్దు. నోటుబుక్కులో రాసిన అంకెలు చూపిస్తే డాక్టరే మారుస్తారు.

2. రోజులు, వేళ ఎంచుకోండి

వారానికి రెండు రోజులతో మొదలుపెట్టి మూడుకు వెళ్ళండి. మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. మిగతా రోజుల్లో నడక. వ్యాయామం ఏదీ లేకుండా వరసగా రెండు రోజులకు మించి పోనివ్వకండి. ఇన్సులిన్ మీద వచ్చిన మెరుగు అంతకన్నా నిలవదు.

తిన్న గంట నుంచి రెండు గంటల మధ్య చేస్తే చాలామందికి కుదురుతుంది. షుగర్ పడిపోయే మందులు వాడేవాళ్ళు ఉదయాన్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా మొదలుపెట్టకూడదు. రాత్రి పడుకోబోయే ముందు కూడా వద్దు. వ్యాయామం అయిన చాలా గంటల తర్వాత, నిద్రలో షుగర్ పడిపోవచ్చు.

3. షుగర్ చూసుకోండి, అంకెను బట్టి నడుచుకోండి

మొదటి నాలుగు వారాలు ప్రతిసారీ ముందూ తర్వాతా చూడండి. మీ ఒంటి తీరు తెలిశాక డాక్టరును అడిగి తగ్గించుకోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం మానకూడదు. కింది అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.

- 70 కన్నా తక్కువ: 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకోండి, 15 నిమిషాలాగి మళ్ళీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్ళీ అంతే. గ్లూకోజ్ లేకపోతే, అకార్బోజ్, వోగ్లిబోజ్ వాడనివాళ్ళు మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలుపుకుని తాగొచ్చు. ఈ రోజుకు బరువులు వద్దు.
- 70 నుంచి 90: పడిపోయే మందులు వాడుతుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 90 దాటాక మొదలుపెట్టండి. అలాంటి మందులు లేకపోతే, ఒంట్లో బాగుంటే మొదలుపెట్టొచ్చు.
- 90 నుంచి 250: మొదలుపెట్టండి.
- 250 పైన: ఒంట్లో ఎలా ఉందో ముందు చూసుకోండి. ఇన్సులిన్ గానీ, మూత్రంలోంచి చక్కెర పంపే మందులు గానీ వాడుతుంటే కీటోన్లు చూడాలి. కీటోన్లుంటే, లేదా వికారం, జ్వరం ఉంటే వ్యాయామం వద్దు, డాక్టరుకు చెప్పండి. ఏమీ లేకపోతే నీళ్ళు తాగి తేలిగ్గా చెయ్యొచ్చు.
- 300 పైన: ఆ రోజు బరువులు మానెయ్యండి. ఎందుకు పెరిగిందో తెలియకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్యండి.

గడిచిన 24 గంటల్లో మరొకరి సాయం కావలసినంతగా షుగర్ పడిపోయి ఉంటే ఈ రోజు వ్యాయామం చెయ్యకండి. ఒకసారి అలా పడిపోయాక రెండోసారి హెచ్చరిక లక్షణాలు సరిగా తెలియవు.

4. ఒళ్ళు వేడెక్కించండి

అయిదు నుంచి పది నిమిషాలు. ఉన్నచోటే నడవండి, భుజాలు తిప్పండి, కుర్చీలోంచి నాలుగైదు సార్లు మెల్లగా లేచి కూర్చోండి. అంతే.

5. ఈ ఆరు కదలికలు నేర్చుకోండి

వందల రకాల వ్యాయామాలున్నాయి. వాటి వెంట పడకండి. కాళ్ళు, వెన్ను, ఛాతీ, భుజాల్లోని పెద్ద కండరాలు పనిచేస్తే చక్కెర ఎక్కువ ఖర్చవుతుంది. ఆరూ కలిపి అరగంట, నలభై నిమిషాల పని.

*కుర్చీలోంచి లేవడం.* కుర్చీ అంచున కూర్చుని, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కొంచెం ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ మెల్లగా దిగండి. దభీమని కూలబడితే సగం లాభం పోయినట్టే. మోకాళ్ళు లోపలికి ముడుచుకోకుండా పాదాల వేళ్ళ వైపే ఉండాలి. మోకాలి నొప్పి ఉంటే కుర్చీ మీద దిళ్ళు వేసి ఎత్తు పెంచండి, బలం వచ్చేకొద్దీ ఒక్కోటి తీసెయ్యండి. తేలికయ్యాక బ్యాగును ఛాతీకి హత్తుకుని లేవండి.

*గోడకు పుషప్.* గోడకు చేయి చాచినంత దూరంలో నిలబడి, అరచేతులు ఛాతీ ఎత్తులో ఆనించి, మోచేతులు వంచుతూ గోడ దగ్గరికి వెళ్ళి వెనక్కి నెట్టుకోండి. తల నుంచి మడమ దాకా ఒంట్లో ఎక్కడా వంపు రాకూడదు. మణికట్టు నొప్పి పెడితే పిడికిళ్ళు ఆనించి చెయ్యండి. షుగర్ ఉన్నవాళ్ళలో మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం మామూలే. గోడ తేలికయ్యాక కదలని బల్ల అంచు, ఆ తర్వాత నేల.

*బ్యాండ్ లాగడం.* నేల మీదో కుర్చీలోనో కూర్చుని కాళ్ళు చాచి, బ్యాండును పాదాల చుట్టూ వేసి, మోచేతులు పక్కటెముకలకు రాసుకుంటూ వెనక్కి లాగండి. వీపు మీద రెండు రెక్కలూ దగ్గరికి రావాలి. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయంటే బ్యాండ్ మీకు గట్టిది. బూట్లు వేసుకునే చెయ్యండి. స్పర్శ లేని పాదానికి బ్యాండ్ కోసుకున్నా తెలియదు. వాడే ముందు ప్రతిసారీ దాన్ని సాగదీసి పగుళ్ళున్నాయేమో చూడండి.

*తుంటి దగ్గర వంగి లేవడం.* ఆరింటిలో నేర్చుకోవడానికి కష్టమైంది ఇదే, రోజూ పనికొచ్చేదీ ఇదే. చేతుల్లో బరువు తొడల ముందు పట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా వదులు చేసి, పిరుదులను వెనక్కి నెడుతూ వంగండి. బరువు మోకాళ్ళ దాకా దిగితే చాలు. వీపు గుండ్రంగా వంగుతోందో లేదో తెలియాలంటే ముందు బరువు లేకుండా ఒక పొడవాటి కర్రను వెన్ను మీద నిలువుగా పట్టుకుని చెయ్యండి. తల వెనక, వీపు మధ్య, నడుము కింది ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తాకుతూనే ఉండాలి. పైకి లేవగానే కళ్ళు తిరుగుతున్నాయా? నరాల దెబ్బ వల్లో బీపీ మాత్రల వల్లో అలా అవుతుంది. మెల్లగా లేవండి, డాక్టరుకు చెప్పండి. కంటి సమస్య ఉన్నవాళ్ళు దీని బదులు, తర్వాత చెప్పే పిరుదులు లేపడమే రెండుసార్లు చెయ్యొచ్చు.

*పిరుదులు లేపడం.* వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, మడమలతో నేలను నొక్కుతూ పిరుదులు పైకి లేపి, రెండు సెకన్లు ఆగి దించండి. నడుం పట్టేస్తుంటే అవసరానికి మించి పైకి లేపుతున్నట్టు.

*భుజాల పైకి ఎత్తడం.* కుర్చీలో నిటారుగా కూర్చుని బరువులను భుజాల దగ్గర్నుంచి తల పైకి ఎత్తి దించండి. భుజం బిగుసుకుపోవడం షుగర్ ఉన్న ఆడవాళ్ళలో, ముఖ్యంగా నలభై దాటాక ఎక్కువ. చెయ్యి సగం దాకానే లేస్తుంటే అంతవరకే ఎత్తండి, బలవంతంగా పైకి నెట్టొద్దు. అదీ కష్టమైతే రెండు చేతుల్లో బరువులు పట్టుకుని, ఒళ్ళు నిటారుగా ఉంచి, 20 నుంచి 30 సెకన్లు గదిలో నడవండి. చేతి పట్టు కూడా పెరుగుతుంది.

6. ఎంత బరువు, ఎన్నిసార్లు

10 నుంచి 12 సార్లు చేశాక, “ఇంకో రెండు మూడు సార్లు చెయ్యగలను, అంతకన్నా కాదు” అనిపించాలి. మీకు సరైన బరువు అదే. ఇంకో ఇరవై చెయ్యగలిగితే ఆ బరువు చాలదు. ఎనిమిదికే చేతులు వణికి ఒళ్ళు వంకర పోతుంటే అది ఎక్కువ.

మొదటి రెండు వారాలు ఒక్కో కదలిక ఒక్కో సెట్టు, అంటే ఆగకుండా ఒక విడత. మూడు, నాలుగు వారాల్లో రెండేసి సెట్లు. సెట్టుకూ సెట్టుకూ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగండి. అయిదో వారం నుంచి బరువు పెంచడం మొదలుపెట్టండి, సెట్లు మూడు దాకా వెళ్ళొచ్చు.

7. ఊపిరి బిగబట్టకండి

కష్టపడేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. గుర్తుండకపోతే పైకి వినిపించేలా అంకెలు లెక్కపెట్టండి. మాట్లాడుతూ ఊపిరి బిగబట్టడం ఎవరివల్లా కాదు. బీపీ, కళ్ళు, లివర్, మూడింటినీ ఈ ఒక్క అలవాటు కాపాడుతుంది.

బరువెత్తేటప్పుడు మూత్రం చుక్కలుగా పడుతుంటే సిగ్గుపడి వ్యాయామమే మానెయ్యకండి. చాలామందికి ఉంటుంది. ఎత్తడానికి ఒక క్షణం ముందు మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలను పైకి బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తండి. బరువు తాత్కాలికంగా తగ్గించండి. నెల దాటినా అలాగే ఉంటే ఈ సమస్య చూసే ఫిజియోథెరపిస్టును కలవండి, నయమవుతుంది.

8. అయ్యాక చెయ్యాల్సినవి

షుగర్ చూసి రాసుకోండి. ముందు 150 ఉన్నది 175 అయితే బెదిరిపోవద్దు. గట్టిగా శ్రమపడినప్పుడు అడ్రినలిన్ వల్ల లివర్ కాసేపు చక్కెర వదులుతుంది. సాధారణంగా గంటా రెండు గంటల్లో దిగుతుంది. దాన్ని దించడానికని అదనంగా ఇన్సులిన్ వేసుకుంటేనే ప్రమాదం, తర్వాత బాగా పడిపోతుంది.

పడిపోయే మందులు వాడేవాళ్ళు పడుకునే ముందు మరోసారి చూడండి. బూట్లు విప్పి పాదాలు, వేళ్ళ సందులు చూసుకోండి. ఎర్రబడ్డ చోటు, బొబ్బ కనిపిస్తే తర్వాతి సారి అవే బూట్లు వెయ్యకండి.

ఒకటి రెండు రోజుల తర్వాత వచ్చే ఒళ్ళు నొప్పులు మామూలే, మూడు నాలుగు రోజుల్లో పోతాయి. కానీ కండరాలు వాచి, కదల్చలేనంత నొప్పితో పాటు మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ వాడుతున్నవాళ్ళు దీన్ని మరింతగా గుర్తుంచుకోండి.

9. బరువు పెంచుతూ పోండి

ఒక బరువుతో వరసగా రెండు వ్యాయామ రోజుల్లో 12 నుంచి 15 సార్లు సరైన తీరులో చెయ్యగలిగితే, దొరికే అతి చిన్న మెట్టు పెంచండి. పెంచాక మళ్ళీ ఎనిమిది, పదికి పడిపోతారు, అలాగే ఉంటుంది. ఇంట్లో ఇంకా పెద్ద బరువులు లేకపోతే దిగే వేగం తగ్గించండి, సెట్టు పెంచండి, లేదా ఒంటికాలి మీద ఎక్కువ భారం వేసి లేవండి.

నెలసరికి ముందు వారంలో కొందరికి షుగర్ పెరిగి ఒంట్లో సత్తువ తగ్గినట్టుంటుంది. ఆ వారం బరువు పెంచకండి, ఉన్నదానితోనే చెయ్యండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

అన్నింటికన్నా పెద్దది, ఒకే కిలో డంబెల్స్‌తో ఏడాదంతా చెయ్యడం. చెమట పడుతోంది, టైము గడుస్తోంది, కానీ కండరానికి కొత్త పని లేదు. ఆడవాళ్ళకు చిన్న రంగురంగుల డంబెల్స్ చూపించి అవే చాలని నమ్మించారు. అవి మొదలుపెట్టడానికే. కూరల సంచీలు, పిల్లలను, నీళ్ళ బిందెలను మోసే చేతులకు కిలో ఏ మూలకి?

రెండోది, వ్యాయామంతో పాటే తిండిని విపరీతంగా తగ్గించెయ్యడం. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గడం మొదలవుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశం ఉంది. కాబట్టి తగ్గడం మంచిదే. కానీ హడావుడిగా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది. ప్రతి పూటా ప్రొటీన్ ఉండేలా చూసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఎంతన్నది డాక్టరును అడగాలి. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు తీసుకుంటూ ఆకలి చచ్చిపోయినవాళ్ళకు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం.

మూడోది గురించి గట్టిగా చెబుతాను: కొవ్వు కరిగిస్తామనే మాత్రలు, కండలు పెంచే పొడులు ఎవరిచ్చినా మింగకండి. గ్రీన్ టీ సారం ఎక్కువ మోతాదులో ఉండే మాత్రల వల్ల లివర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. స్టెరాయిడ్లు కలిపినవి ఇంకా ప్రమాదం. లివర్ బాగు కోసం మొదలుపెట్టిన పనిలో లివర్‌నే పాడు చేసుకోవద్దు.

లో షుగర్ భయంతో అంకె ఎంతున్నా ముందే ఏదో ఒకటి తినెయ్యడం కూడా చాలామంది చేస్తారు. మీటరు 160 చూపిస్తుంటే తినక్కర్లేదు.

ఫలితం ఉందో లేదో ఎలా తెలుస్తుంది

బరువు తూచే మెషీన్ మీద ఆధారపడకండి. కండ పెరిగి కొవ్వు తగ్గితే అది కదలకపోవచ్చు. వీటిని చూడండి:

- 30 సెకన్ల పరీక్ష: చేతులు ఛాతీ మీద కట్టుకుని అర నిమిషంలో ఎన్నిసార్లు కుర్చీలోంచి పూర్తిగా లేవగలరో లెక్కపెట్టండి. 60 నుంచి 64 ఏళ్ళ ఆడవాళ్ళలో 12 కన్నా తక్కువైతే కాళ్ళ బలం సగటు కన్నా తక్కువున్నట్టు. వయసు ఏదైనా మొదటి రోజు అంకె రాసుకుని నెలకోసారి పోల్చుకోండి.
- నడుము చుట్టుకొలత: నెలకోసారి, ఉదయం, ఊపిరి వదిలాక, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో.
- నోటుబుక్కు: మూడు నెలల కిందటి బరువూ ఈనాటి బరువూ ఒకటే అయితే, మార్చాల్సింది వ్యాయామాన్నే.
- హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష): మూడు నెలలు నిండకుండా చూడటంలో అర్థం లేదు.
- లివర్: ఏఎల్‌టీ కొన్ని నెలల్లో దిగొచ్చు. ఫైబ్రోస్కాన్‌ను ఆర్నెల్లకో ఏడాదికో డాక్టరు చెప్పినప్పుడు.

రక్తపరీక్షల విషయంలో ఒక మెలిక ఉంది. ఇది తెలియక చాలామంది హడలిపోయి వ్యాయామం మానేస్తారు. ఏఎస్‌టీ, ఏఎల్‌టీ కండరాల్లో కూడా ఉంటాయి. అలవాటు లేని బరువులెత్తిన తర్వాత అవి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ రోజులు పెరిగి కనిపించొచ్చు. లివర్ పరీక్షకు ముందు వారం రోజులు నడకతో సరిపెట్టుకోండి, లేదా కనీసం బరువు పెంచకుండా తేలిగ్గా చెయ్యండి. పెరిగిందని వస్తే ఎప్పుడు ఏం ఎత్తారో డాక్టరుకు చెప్పండి. కండరం దెబ్బతింటే పెరిగే సీకే అనే ఎంజైము పరీక్ష చేస్తే అది కండరానిదా కాదా అన్నది తెలుసుకోవడానికి వీలవుతుంది. అలాగే మూత్రంలో అల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్షకు ముందు 24 గంటలు గట్టి వ్యాయామం వద్దు, అదీ తాత్కాలికంగా పెరుగుతుంది.

మధ్యలో ఆగిపోతే

జ్వరం, ప్రయాణం, ఇంట్లో పెళ్ళి, ఏదో ఒకటి వస్తుంది. వారం ఆగితే పాత బరువులతోనే మొదలుపెట్టండి. రెండు మూడు వారాలైతే బరువును మూడో వంతు తగ్గించి, ఒక్కో సెట్టుతో వారం రోజులు చెయ్యండి. రెండు నెలలు దాటితే మొదటి వారం నుంచే. ఆ మధ్యలో మందులు మారాయేమో చూసుకోండి. కొత్తగా ఇన్సులినో, గ్లిమెపిరైడో చేరి ఉంటే మూడో మెట్టులో చెప్పినట్టు మళ్ళీ నాలుగు వారాలు ముందూ తర్వాతా షుగర్ చూడాల్సిందే.